మా పక్క లైన్‌లోకి రోబో వచ్చింది, ఇక నా ఉద్యోగం ఎన్నాళ్లు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఐటీఐలో టర్నర్ ట్రేడ్ చదివాను. 12 ఏళ్లుగా జీడిమెట్లలో ఆటోమొబైల్ విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో సీఎన్‌సీ లేత్ (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే యంత్రం) ఆపరేటర్‌గా, పర్మినెంట్ ఉద్యోగిగా పనిచేస్తున్నాను. జీతం 26,000 రూపాయలు. కంపెనీలో అందరం కలిసి 140 మంది ఉంటాం. నాలుగు నెలల కిందట మా పక్క లైన్‌లో రెండు మిషన్ల మధ్య ఒక రోబోను నిలబెట్టారు. ఇద్దరు ఉండే చోట ఇప్పుడు ఒక్కడే ఉంటున్నాడు, అతనూ ట్రేలు నింపడానికే. కాంట్రాక్టు కుర్రాళ్లను పంపించేశారు, పర్మినెంట్ వాళ్లను ప్యాకింగ్‌కు మార్చారు. రోబో బిగించడానికి వచ్చిన ఇంజనీరు రెండు వారాలు ఇక్కడే ఉన్నాడు గాని, మన గొయ్యి మనమే తవ్వుకున్నట్టవుతుందని మాలో ఎవరమూ అతని దగ్గరికి వెళ్లలేదు. తర్వాత మా లైనే అంటున్నారు. ఇప్పుడే రాజీనామా ఇస్తే రెండు నెలల జీతం అదనంగా ఇస్తామని ఆఫీసువాళ్లు నోటిమాటగా చెప్పారు. మిషన్ ఆపరేటర్ల ఉద్యోగాల్లో నూటికి తొంభై పోతాయని యూట్యూబులో చూశాను. పీఎఫ్ డబ్బు తీసి టిఫిన్ సెంటర్ పెట్టుకోమని మా బావమరిది అంటున్నాడు. మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు, వాణ్ని ఈ దారిలోకి తేవచ్చా అన్నది కూడా సందేహంగానే ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: ముందుగా ఒక్క మాట. ఆఫీసువాళ్లు ఏదైనా కాగితం ముందు పెడితే సంతకం చేయకండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

మీరు యూట్యూబులో విన్న తొంభై శాతం లెక్కకు మూలం బహుశా 2013లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రే, ఆస్‌బోర్న్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనమే అయి ఉంటుంది. వారు అమెరికాలోని 702 వృత్తులను పరిశీలించి, అక్కడి ఉద్యోగాల్లో 47 శాతం ఆటోమేషన్ ప్రమాదం ఎక్కువగా ఉన్న వర్గంలోకి వస్తాయన్నారు. యంత్రాలు నడిపేవారి వృత్తుల్లో చాలావాటికి వారి పట్టికలో ప్రమాదం ఎక్కువగానే పడింది. అయితే వారు చెప్పింది యంత్రంతో చేయించడానికి సాంకేతికంగా వీలవుతుందా అన్న మాటే గాని, ఫలానా ఏడాదికి ఇంతమంది ఇంటికి పోతారన్న జోస్యం కాదు. 2016లో ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) కోసం మరికొందరు ఆర్థికవేత్తలు ఇదే ప్రశ్నను ఇంకో పద్ధతిలో వేశారు. వృత్తి మొత్తాన్ని ఒకే ముద్దగా తీసుకోకుండా, ఆ వృత్తిలోని మనిషి రోజంతా చేసే పనులను విడివిడిగా లెక్కలోకి తీసుకున్నారు. అలా చూస్తే అమెరికాలో ప్రమాదం ఎక్కువగా ఉన్న ఉద్యోగాలు 9 శాతానికి దిగాయి. ఈ రెండు అంకెల్లో ఏది సరైనదని వాదించుకోవడం వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. రెండో పద్ధతిలో మాత్రం మీకు పనికొచ్చే కిటుకు ఒకటి ఉంది. మీ హోదా పేరును పక్కన పెట్టి, మీ షిఫ్టును పనులుగా విడగొట్టి చూడండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ లైన్‌లో ఒక జాబ్ (తయారయ్యే విడిభాగం) సైకిల్ టైం, అంటే తలుపు మూసి మిషన్ కోసే సమయం, 70 సెకన్లు అనుకోండి. తలుపు తెరిచి, అయిన జాబ్‌ను తీసి, చక్ జాస్ (జాబ్‌ను బిగించి పట్టుకునే దవడలు) మీద ఎయిర్ కొట్టి, కొత్తది బిగించి, తలుపు వేసి బటన్ నొక్కడానికి 15 సెకన్లు. భోజనం, టీ పోను ఏడున్నర గంటల్లో 300 పైచిలుకు జాబ్‌లు దిగుతాయి. ఇందులో మీ చేతులు ఆడేది మొత్తం కలిపి గంటా ఇరవై నిమిషాలే! రోబో వచ్చి చేసేది ఈ గంటా ఇరవై నిమిషాల పనిని మాత్రమే. అదే బరువు, అదే వాటం, అదే దూరం రోజుకు మూడు వందల సార్లు, అందుకే అది దానికి అంత సులువుగా కుదురుతుంది. పైగా ఒక మిషన్ తలుపు మూసి ఉన్నంతసేపు పక్క మిషన్‌కు జాబ్ అందించగలదు కాబట్టి దాన్ని చాలాచోట్ల రెండు మిషన్ల మధ్య నిలబెడతారు.

మిగిలిన ఆరు గంటల మాటేమిటి? తలుపు మూసి ఉన్న ఆ డెబ్బై సెకన్లలో మీరేం చేస్తారన్నదే మీ భవిష్యత్తును తేల్చే ప్రశ్న. నిజం చెప్పాలంటే చాలామంది ఆ సమయంలో ఫోన్ చూస్తారు. తప్పు పట్టడం లేదు, నిలబడి నిలబడి కాళ్లు పీకే ఉద్యోగమిది. కానీ ఆ డెబ్బై సెకన్లలో బోర్ గేజ్ (రంధ్రం లోపలి కొలత చూసే పరికరం) పట్టుకుని ముందటి జాబ్‌ను కొలిచేవాడు, ఫోన్ చూసేవాడు పేస్లిప్పులో ఒకే హోదాలో ఉన్నా, రోబో ముందు ఒకటి కాదు.

25 మిల్లీమీటర్ల బోర్‌కు డ్రాయింగ్‌లో హెచ్7 అని ఉంటే, అది 25.000 నుంచి 25.021 లోపు రావాలని మీకు తెలుసు. పొద్దున ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మొన) కొత్తగా ఉన్నప్పుడు 25.014 వస్తుంది. నూరో జాబ్‌కు మొన అరిగి 25.006కు దిగుతుంది. అప్పుడు మీరు మిషన్ స్క్రీన్‌లో కొలత సరిచేసే ఆఫ్‌సెట్ పేజీలోకి వెళ్లి ఎక్స్‌లో (వ్యాసం దిశలో) ఎనిమిది మైక్రాన్లు, అంటే 0.008 మిల్లీమీటర్లు కలుపుతారు. అది ఎంత కలపాలో, ఎప్పుడు కలపాలో, ఎప్పుడు కలపడం మానేసి ఇన్సర్ట్ అంచు తిప్పాలో మీ వేళ్లకు పన్నెండేళ్లుగా తెలుసు. చిప్ (కోసినప్పుడు రాలే లోహపు తునక) రంగు మారినా, తుంపులుగా రాలాల్సింది తీగలా సాగి జాబ్‌కు చుట్టుకున్నా, కోత చప్పుడులో కీచు కలిసినా, గేజ్ పెట్టకముందే ఏదో తేడా వచ్చిందని మీరు పసిగడతారు. ఆ రోబోకు ఇవేవీ తెలియవు. గ్రిప్పర్‌కు (పట్టుకునే చేతికి) అందింది పట్టుకుంటుంది, అందకపోతే అలారం ఇచ్చి ఆగిపోతుంది. జాస్ మీద చిన్న చిప్ ముక్క ఇరుక్కుని జాబ్ వాలుగా కూర్చుంటే, కూర్చునే చోట సెన్సర్ పెట్టించుకోని సెల్‌లో (రోబో, మిషన్లు కలిసిన ఏర్పాటులో) అది అలాగే బిగించి పోతుంది. తప్పు జాబ్‌లు ట్రే నిండా పేరుకున్నాక గాని ఎవరి కంటా పడదు.

అలాగని కొలత పని మీకు శాశ్వతంగా రాసిచ్చినట్టు కూడా కాదు. జాబ్‌ను గేజింగ్ స్టేషన్‌లో కొలిచి, వచ్చిన తేడాను తనంతట తానే ఆఫ్‌సెట్‌లోకి పంపే ఏర్పాట్లు ఉన్నాయి, పెద్ద కార్ల కంపెనీల ఇంజిన్ షాపుల్లో అవి కొత్తవేమీ కాదు. వాటికి ఖర్చు ఎక్కువ. ఏళ్ల తరబడి ఒకే జాబ్‌ను లక్షల్లో చేసే చోటనే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. కాబట్టి మీ పనిలో ఏది ముందు పోతుంది, ఏది తర్వాత పోతుంది అన్నది మీ నైపుణ్యం మీద ఎంత ఆధారపడుతుందో, మీ కంపెనీకి వచ్చే ఆర్డర్ లాట్ (ఒక విడతలో చేసే జాబులు) పరిమాణం మీద కూడా అంతే ఆధారపడుతుంది. ఆటోమొబైల్ జాబ్ పెద్ద లాట్, అందుకే రోబో ముందుగా మీ ఇంటి తలుపు తట్టింది.

ఇక్కడే మీరు హైదరాబాదులో ఉండటం కలిసొచ్చే విషయం. బాలానగర్ నుంచి చర్లపల్లి దాకా, కుషాయిగూడ, నాచారం, పటాన్‌చెరు వరకు పరుచుకున్న చిన్న మిషన్ షాపుల్లో చాలావాటికి తిండి పెట్టింది ఆటోమొబైల్ జాబులే కాదు. డీఆర్‌డీవో ప్రయోగశాలలు, బీడీఎల్, హెచ్‌ఏఎల్, ఈసీఐఎల్, మిధాని వంటి రక్షణ తదితర రంగాల ప్రభుత్వ సంస్థల ఆర్డర్లు ఇక్కడి షాపులకు దశాబ్దాలుగా వస్తున్నాయి. ఆదిబట్ల వైపు విమాన విడిభాగాల పరిశ్రమ పెరిగింది. అక్కడ టాటా, బోయింగ్ ఉమ్మడి సంస్థ అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేస్తోంది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉంది. ఈ తరహా పనిలో లాట్ అంటే ఇరవై జాబులు కావచ్చు, రెండు వందలు కావచ్చు. వారానికి రెండుసార్లు సెట్టింగ్ మారే మిషన్‌కు రోబో పెడితే, ఆ గ్రిప్పర్ వేళ్లు మార్చడానికీ కొత్త దారి నేర్పడానికీ పట్టే సమయంలో మనిషి సగం లాట్ దించేస్తాడు. అందుకని అక్కడ సెట్టర్‌కు ఉన్న గిరాకీ బటన్ నొక్కే ఆపరేటర్‌కు లేదు. సాఫ్ట్ జాస్‌ను జాబ్‌కు తగినట్టు బోర్ చేసుకుని, టూల్ ఆఫ్‌సెట్‌లు తానే తీసుకుని, డ్రాయింగ్ చదివి, ఫస్ట్ పీస్ దించి పాస్ చేయించుకోగలవాడిని సెట్టర్ అంటాం. మీ ఉత్తరంలో మీ కంపెనీలో సెట్టింగ్ ఎవరు చేస్తారో రాయలేదు. మీరే చేసుకుంటూ ఉంటే మీరు ఇప్పటికే సగం ఒడ్డున ఉన్నట్టు. వేరే సెట్టర్ చేసి వెళ్తే మీరు నడుపుతూ ఉంటే, ప్రమాదం మీరు అనుకున్నంతగానూ ఉంది, మీరు అనుకున్నదానికంటే దగ్గరగానూ ఉంది.

ఆ ఇంజనీరు దగ్గరికి ఎవరమూ వెళ్లలేదని రాశారు. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిన వాక్యం అదే. నేను బాలానగర్‌లో ఒక టూల్‌రూంలో కొత్తగా చేరిన రోజుల్లో అక్కడికి మొదటి సీఎన్‌సీ మిషన్ వచ్చింది. ఆ షాపులో అందరికంటే మంచి టర్నర్ ఒక పెద్దాయన ఉండేవారు. మామూలు లేత్ మీద ఆయన తీసిన థ్రెడ్‌కు గేజ్ పెట్టే అవసరమే ఉండేది కాదు. మిషన్ అమ్మినవాళ్లు ఇద్దరికి శిక్షణ ఇస్తామన్న వారంలో ఆయన కూతురి పెళ్లి పనుల మీద ఊళ్లో ఉన్నారు. తిరిగి వచ్చేసరికి ఆ సీటు మూడేళ్ల అనుభవం ఉన్న కుర్రాడికి వెళ్లిపోయింది. పెద్దాయన అడిగితే రెండో విడతలో చూద్దామన్నారు, ఆ రెండో విడత ఎప్పుడూ రాలేదు. ఆయన పనితనానికి ఏ లోపమూ లేదు, పేర్లు రాసుకున్న రోజు అక్కడ లేరు, అంతే. మీరు మాత్రం ఉండి కూడా పక్కకు తప్పుకున్నారు.

కాబట్టి మొదట చేయవలసింది ఇది. మీ లైన్‌కు రోబో పెట్టే మాట నిజమే అయితే, దాన్ని నడిపే శిక్షణకు మీ పేరు ఇవ్వమని మీ ఇన్‌చార్జికి నోటితో కాకుండా రాతపూర్వకంగా అడగండి. మెయిల్ అయినా, కాగితం మీద అయినా సరే, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆ శిక్షణలో నేర్పేది మీరు భయపడేంత పెద్ద చదువేమీ కాదు. టీచ్ పెండెంట్ అనే చేతి పెట్టెతో రోబోను ఒక్కొక్క బిందువు దగ్గరికి నడిపించి గుర్తుపెట్టించడం, గ్రిప్పర్ పట్టు సరిచేయడం, గాలి ఒత్తిడి తగ్గినప్పుడో సెన్సర్ మీద కూలెంట్ పడినప్పుడో వచ్చే అలారంను అర్థం చేసుకుని మళ్లీ హోం పొజిషన్‌కు తేవడం, ఇవీ అందులోని ముఖ్యమైన పనులు. సున్నా ఎక్కడుందో, ఎక్స్ ఎటు, జెడ్ ఎటు అన్నది పన్నెండేళ్లుగా తెలిసిన మనిషికి ఇది కొత్త భాష కాదు, కొత్త యాస. రోబో ఒక్కటే తెలిసినవాడు అలారం వస్తే రోబో వైపు చూస్తాడు, లేత్ ఒక్కటే తెలిసినవాడు లేత్ వైపు చూస్తాడు. అర్ధరాత్రి షిఫ్టులో లైన్ ఆగినప్పుడు తప్పు ఎటువైపుందో ఐదు నిమిషాల్లో చెప్పగలిగేది రెండూ తెలిసినవాడే, ఏ యజమానీ అలాంటివాణ్ని ప్యాకింగ్‌కు పంపడు. అయితే ఇలాంటి సెల్‌కు షిఫ్టుకు ఒక్కరు చాలన్నది కూడా మీరే కళ్లారా చూశారు. అందరికీ ఆ చోటు దొరకదు. తోటివాళ్లు వెనకాడుతున్నారని మీరూ వెనకాడితే, ఆ ఒక్కరు బయటినుంచి వస్తారు.

కంపెనీ శిక్షణ ఇవ్వకపోతే బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ మీకు దగ్గర. 1968 నుంచి నడుస్తున్న ఆ సంస్థలో సీఎన్‌సీ ప్రోగ్రామింగ్, క్యాడ్, క్యాం (కంప్యూటర్‌తో డిజైన్, తయారీ) వంటి స్వల్పకాలిక కోర్సులు ఉన్నాయి. మీ షిఫ్టుకు కుదిరే బ్యాచి ఏదో స్వయంగా వెళ్లి కనుక్కోండి. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టారు. వాటిలోనూ కొత్త మిషన్లు, రోబోలు పెట్టారు గనుక మీ పాత ఐటీఐకి ఒకసారి వెళ్లి, పనిచేస్తున్నవారికి ఏమైనా కోర్సులు నడుపుతున్నారేమో అడగండి. ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. సందుకొకటిగా వెలిసి, మూడు నెలల్లో రోబోటిక్స్, ఏఐ అన్నీ నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామని వేలకు వేలు వసూలు చేసే చోట్లకు పోకండి. మిషన్ మీద చేయి పెట్టనివ్వని కోర్సు టర్నర్‌కు దండగ.

రాజీనామా సంగతికి వద్దాం. మీరు రాజీనామా ఇస్తే అది మీ ఇష్టంతో వెళ్లినట్టు లెక్క. కంపెనీ మీ పనిని తగ్గించుకుని మిమ్మల్ని తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్, దాని లెక్క పూర్తిగా వేరు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఏడాదికి తగ్గకుండా నిరంతర సర్వీసు ఉన్న కార్మికుణ్ని రిట్రెంచ్ చేయాలంటే కారణాలు తెలుపుతూ నెల రోజుల ముందు రాతపూర్వక నోటీసైనా, ఆ నెల జీతమైనా ఇవ్వాలి. పూర్తిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. మీ 12 ఏళ్లకు 180 రోజులు, అంటే ఆరు నెలల వేతనం. అది కాక, కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికని మరో 15 రోజుల వేతనం యజమాని ప్రత్యేక నిధికి జమచేయాలి, అది 45 రోజుల్లో మీ ఖాతాలో పడాలి. వీటి ముందు ఆఫీసువాళ్లు నోటిమాటగా చెప్పిన రెండు నెలల జీతం ఎంత చిన్నదో మీకే తెలుస్తుంది. గ్రాట్యుటీ వీటితో సంబంధం లేకుండా, రాజీనామా ఇచ్చినా ఇవ్వకపోయినా మీకు రావలసిన సొమ్ము. గ్రాట్యుటీకి లెక్కించే మీ నెల వేతనం 15,600 అనుకుంటే, దాన్ని 26తో భాగిస్తే రోజుకు 600, పదిహేను రోజులకు 9,000, పన్నెండేళ్లకు 1,08,000 రూపాయలు. ఈ సొమ్మునే తిప్పి ప్యాకేజీ అని చూపిస్తున్నారేమో జాగ్రత్తగా గమనించండి, అలా జరగడం నేను చూశాను.

ఇందులో మీకు నచ్చని మాట కూడా ఒకటి చెప్పాలి. తీసేయడానికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నిబంధన పాత కేంద్ర చట్టంలో 100 మంది కార్మికులున్న ఫ్యాక్టరీలకు వర్తించేది, కొత్త కోడ్‌లో ఆ గీతను 300కు పెంచారు. 140 మంది ఉన్న మీ కంపెనీకి ఆ అడ్డు లేదు. అయినా ఒకే కోవకు చెందిన కార్మికుల్లో మామూలుగా చివర చేరినవారినే ముందు తీయాలన్న నియమం ఉంది, పన్నెండేళ్ల మీ సర్వీసు అక్కడ అక్కరకొస్తుంది. ఉద్యోగాలు తగ్గేలా యంత్రాలను, పద్ధతులను మార్చేటప్పుడు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న నిబంధన కూడా ఉంది. మీ నియామకపు ఉత్తర్వు, పేస్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ నకళ్లు ఇంట్లో ఒక ఫైలులో పెట్టుకోండి. వ్యవహారం ముదిరితే లేబర్ ఆఫీసుకు వెళ్లేముందు యూనియన్ వాళ్లతోనో, కార్మిక చట్టాలు చూసే వకీలుతోనో ఒకసారి మాట్లాడండి.

టిఫిన్ సెంటర్ గురించి మీ బావమరిదిగారి మాటను తేలిగ్గా తీసేయను. ఆ పని చేసి బాగుపడినవారు ఉన్నారు. అయితే వాళ్లు తెల్లవారుజామున మూడింటికి లేచి పిండి, చట్నీ, గ్యాసు, పనిమనుషులు అన్నీ చూసుకున్నవాళ్లు, అది కూడా ఒక ట్రేడే. మీకు, మీ ఇంట్లోవాళ్లకు ఆ పని మీద మనసుంటే వేరే మాట, భయంతో మాత్రం అందులో దిగకండి. పీఎఫ్ దాని కోసం తీయడం నాకు సమ్మతం కాదు. పెన్షన్ పథకంలో పదేళ్ల సర్వీసు దాటారు కాబట్టి 58 ఏళ్లకు మీకు నెలనెలా పెన్షన్ వచ్చే అర్హత ఏర్పడింది, ఆ ఖాతాను కదపకుండా కొనసాగించుకోవడమే మేలు.

ఏడాది గడువు పెట్టుకుని రెండు దారులూ తెరిచి ఉంచుకోండి. లోపల రోబో శిక్షణకు ప్రయత్నిస్తూనే, బయట విమాన, రక్షణ విడిభాగాలు చేసే షాపుల్లో సెట్టర్లను ఎలాంటి పరీక్ష పెట్టి తీసుకుంటున్నారో తెలుసుకోండి. చాలా షాపుల్లో ఇంటర్వ్యూ కంటే ముందు ఒక డ్రాయింగ్, ఒక మెటీరియల్ ముక్క చేతికిచ్చి చేసి చూపించమంటారు. దానికి ఇప్పటినుంచే సిద్ధం కావచ్చు. మీ లైన్‌లో సెట్టింగ్ మారే రోజు టీకి వెళ్లకుండా సెట్టర్ పక్కన నిలబడండి. మొదటి నెలంతా చూడటమే, రెండో నెలలో జాస్ బోరింగ్ మీరే చేస్తానని అడగండి.

మీ అబ్బాయిని ఈ దారిలోకి తేవచ్చా అని అడిగారు. తేవచ్చు, అయితే మీరు ఎక్కిన మెట్టు మీద కాదు. వాడికి చేతిపని మీద, లెక్కల మీద ఇష్టం ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే ఒక్క యంత్రానికి కట్టిపడేసే కోర్సు కంటే మెకానికల్, విద్యుత్తు, కంట్రోల్స్ మూడూ కలిసిన మెకట్రానిక్స్ డిప్లొమా గాని, బాలానగర్ సంస్థలోనే పదో తరగతి తర్వాత నాలుగేళ్లు నేర్పే టూల్, డై అండ్ మౌల్డ్ మేకింగ్ డిప్లొమా గాని మంచివని నా అభిప్రాయం. రెండోదానికి ప్రవేశ పరీక్ష వేరుగా ఉంటుంది, పాలిసెట్‌లో రాదు. కాబట్టి ఈసారి పాలిసెట్‌తో పాటు దానికీ విడిగా దరఖాస్తు చేయించండి.